బీడీ ఫోల్డర్

ముందే చెప్పేస్తున్నా, ఎల్‌కేజీ నుంచి నాది ఇంగ్లిష్ మీడియం. తెలుగులో వాట్సాప్ మెసేజ్ కంటే పెద్దది రాయడం ఇదే మొదటిసారి. ఆ మెసేజ్‌లు కూడా ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టే తెలుగే. క్లబ్‌లో ఒక సీనియర్ అక్క "నీకు బాగా తెలిసింది ఏదో ఒకటి రాయి, తప్పులు నేను దిద్దుతా" అంది. నాకు బాగా తెలిసినవి రెండే. ఒకటి సి లాంగ్వేజ్‌లో పాయింటర్లు, అదీ డౌటే. రెండోది బ్రూస్ డికిన్సన్ సోలో ఆల్బమ్స్. పాయింటర్ల గురించి రాస్తే మీరు పేజీ తిప్పేస్తారు కాబట్టి రెండోదే రాస్తున్నా.

బ్రూస్ డికిన్సన్ ఎవరో తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఇంగ్లండ్‌లో ఐరన్ మెయిడెన్ అని ఒక హెవీ మెటల్ బ్యాండ్ ఉంది. మన సీనియర్ల టీషర్ట్‌ల మీద అస్థిపంజరం లాంటి బొమ్మ ఒకటి కనిపిస్తుంది చూడండి, ఆ బ్యాండే. బ్రూస్ దానికి సింగర్. 1981లో చేరాడు. మరుసటి ఏడాది వచ్చిన 'ద నంబర్ ఆఫ్ ద బీస్ట్'తో బ్యాండ్ ఎక్కడికో వెళ్లిపోయింది. ఆయన పాడటంతో ఆగే రకం కాదు. ఎయిర్‌లైన్ పైలట్‌గా ఉద్యోగం చేశాడు, కత్తియుద్ధం చేస్తాడు, నవలలు రాశాడు. 2008 టూర్‌కి బ్యాండ్‌నీ సామాన్లనీ ఒకే బోయింగ్ 757లో ఎక్కించి ఆ విమానాన్ని తనే నడిపాడు. ఆ టూర్ మొదటి షో మన ముంబైలోనే.

మామూలుగా ఎవరైనా ముందు మెయిడెన్ వింటారు. బాగా పిచ్చి పట్టాక సోలో ఆల్బమ్స్ దాకా వస్తారు. నేను వచ్చింది వెనక గుమ్మంలోంచి. రెండేళ్లు ఆయన సోలో పాటలే విన్నాను, మెయిడెన్ పాట ఒక్కటి కూడా వినకుండా. దానికి కారణం ఒక కందిపొడి డబ్బా.

ఇంటర్ నేను ఒక కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో చదివాను. పేరెందుకులెండి, మీలో సగం మంది అలాంటి చోటి నుంచే వచ్చుంటారు. పొద్దున ఐదింటికి బెల్లు, రాత్రి పదకొండుకి లైట్లు ఆఫ్, మధ్యలో అంతా స్టడీ అవర్సే. రూముకి ఎనిమిది మంది, ఒకడి మీద ఒకడు పడుకునే ఇనప మంచాలు. ఫోన్ ఉండకూడదు. ఆదివారం వార్డెన్ రూము ముందు లైన్లో నిలబడితే ఇంటికి ఐదు నిమిషాలు మాట్లాడొచ్చు. వారానికో పరీక్ష, అది అయిన రెండోరోజు నోటీస్ బోర్డులో ర్యాంకులు.

ఆ లిస్టులో మొదటి మూడు పేర్లు దాటి ఎప్పుడూ కిందికి రానివాడు నా పైమంచం మీద పడుకునేవాడు. వాడి పేరు ఇక్కడ రాయను. నిజానికి హాస్టల్లో కూడా వాడి పేరు ఎవరికీ అవసరం ఉండేది కాదు. స్టూడెంట్స్, లెక్చరర్లు, మెస్‌లో సాంబారు పోసే అన్నతో సహా అందరూ వాడిని "ర్యాంకరు" అనే పిలిచేవాళ్లు. "నాకో పేరుంది రా బాబూ" అనేవాడు నవ్వుతూ. మేమూ నవ్వేవాళ్లం.

ఫస్టియర్ దసరా సెలవులు అయ్యాక వాళ్లమ్మ కట్టిచ్చిన కందిపొడి డబ్బాలో, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పాత ఎంపీత్రీ ప్లేయర్ ఒకటి తెచ్చాడు. వాళ్ల పెదనాన్నగారి అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్. 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్ మన దేశంలో మొదటిసారి వాయించింది బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో. అప్పట్లో ఆ అన్నయ్య బీటెక్. హాస్టల్లో చెప్పకుండా రాత్రి బస్సెక్కి వెళ్లాడట. అప్పటికి నేను సరిగా నడుస్తున్నానో లేదో కూడా అనుమానమే.

ప్లేయర్‌లో ఐదే ఫోల్డర్లు. బీడీ 94, బీడీ 96, బీడీ 97, బీడీ 98, బీడీ 05. "మెయిడెన్ పాటలు ఎక్కడైనా దొరుకుతాయి, ఇవి మాత్రం ఎవరూ చెప్పరు, ఇవి విను" అన్నాడట అన్నయ్య. బీడీ అంటే బ్రూస్ డికిన్సన్ ఇంగ్లిష్ పొడి అక్షరాలు. కానీ రాత్రి పదకొండు దాటాక మేమిద్దరం "రేయ్, బీడీ ఉందా?", "ఈరోజు ఏ బీడీ?", "తొంభై ఎనిమిది తియ్" అని గుసగుసలాడుకుంటుంటే పక్క మంచాలవాళ్లకి ఇంకోలా వినిపించింది. ఎవడో వార్డెన్‌కి చెప్పాడు. ఒకరోజు ఆయన వచ్చి మా ట్రంకు పెట్టెలు బోర్లించి, బట్టలన్నీ వాసన చూసి, ఏమీ దొరక్క, "ర్యాంకరువి, నీకెందుకు రా ఇవన్నీ" అని వెళ్లిపోయాడు. ప్లేయర్ కందిపొడిలో భద్రంగా ఉంది.

ఇయర్‌ఫోన్స్ ఒకటే జత. వైరు పొట్టి. పైమంచం నుంచి వాడు దిగి నా మంచం మీదికి వస్తే, దుప్పటి కప్పుకుని, చెవికొకటి పెట్టుకుని వినేవాళ్లం. నాకు ఎడమ చెవి, వాడికి కుడి చెవి. అందుకే ఇప్పటికీ కొన్ని పాటలు రెండు చెవుల్తో వింటే నాకు కొత్తగా ఉంటాయి. నా రెండో గిటార్ వాడి చెవిలో ఉండిపోయిందని బీటెక్‌కి వచ్చాకే తెలిసింది.

నేను మొదట విన్నది 94 ఫోల్డర్‌లో చివరి పాట, 'టియర్స్ ఆఫ్ ద డ్రాగన్'. మెటల్ అంటే అరుపులు అనుకునే నాకు అది పెద్ద షాక్. మెల్లగా, దాదాపు మాట్లాడుతున్నట్టు మొదలవుతుంది. ఆరు నిమిషాల పాట. మధ్యలో సంబంధం లేకుండా రెగే లాంటి ఊపు వచ్చి పోతుంది. తర్వాత గొంతు ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఇంగ్లిష్ మీడియం అయినా నాకు మొదట్లో సగం మాటలు తెలియలేదు. భయం గురించి పాడుతున్నాడని మాత్రం అర్థమైంది. చేతిలో ఉన్నదాన్ని వదిలేస్తే మునిగిపోతామేమో అన్న భయం. వాడు మాత్రం పాట అయ్యేదాకా కదలకుండా విని "ఇంకోసారి పెట్టు" అన్నాడు. ఆ రాత్రి నాలుగుసార్లు విన్నాం. మర్నాడు ఫిజిక్స్‌లో నాకు తగ్గాయి. వాడికి తగ్గలేదు.

98 ఫోల్డర్ పేరు 'ద కెమికల్ వెడ్డింగ్'. నెట్ లేదు కదా, అర్థం మేమే కనిపెట్టుకున్నాం. కెమికల్ వెడ్డింగ్ అంటే కోవలెంట్ బాండే అయ్యుంటుందని నా థియరీ. కాదు, అయానిక్ అన్నాడు వాడు, "పెళ్లంటే ఒకరు ఇవ్వడం, ఒకరు తీసుకోవడం రా". చివరి పాట పేరు 'ది ఆల్కెమిస్ట్' అని చూసి ఇది కచ్చితంగా కెమిస్ట్రీ లెక్చరర్ ఎవరో రాయించిన ఆల్బమ్ అని తేల్చేశాం. గిటార్లు చాలా కింది శ్రుతిలో, పక్క రూములో బీరువా జరుపుతున్నట్టు మోగుతుంటాయి. దాని మీద ఈయన గొంతు గోపురం మీద దీపంలా ఉంటుంది. మధ్యమధ్యలో ఒక ముసలి గొంతు ఏదో చదువుతుంది. లైట్లు ఆపిన రూములో అది వింటే నిజంగానే ఒళ్లు జలదరించేది.

2023 జులైలో, సెకండియర్ మొదలైన కొత్తల్లో, ఒక రాత్రి వాడు కిందికి దిగి ఇయర్‌ఫోన్ పెట్టుకోకుండా కూర్చున్నాడు. "మామా, నేను వెళ్లిపోతున్నా" అన్నాడు. సెలవు మీద అనుకున్నా. కాదు, మొత్తానికే. ఇంట్లో చెప్పేశాడట, నాన్న మూడు రోజులు మాట్లాడలేదట, రేపు వస్తున్నారట. నిద్ర పట్టట్లేదన్నాడు. లెక్కలు వస్తున్నాయి కానీ ఎందుకు చేస్తున్నానో తెలియట్లేదన్నాడు. హిస్టరీ చదువుతానన్నాడు.

నేను అప్పుడు అన్న మాట ఇదే: "భయపడి పారిపోతున్నావు రా."

టాప్ త్రీలో ఉన్నవాడు వెళ్లిపోవడం ఏంటి? నేను నాలుగొందల్లో ఉండి కొట్టుకుంటుంటే, అన్నీ ఉన్నవాడు వదిలేయడం ఏంటి? నాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ కోపంలో సగం అసూయ, సగం భయం. వాడే ఆగలేకపోతే నేనెలా ఆగుతాను అని.

వాడు ఏమీ అనలేదు. పొద్దున వాళ్ల నాన్నతో ట్రంకు పెట్టె మోసుకుని వెళ్లిపోయాడు. దిండు కింద ప్లేయర్, ఛార్జర్ వైరు పెట్టి వెళ్లాడు. తర్వాత నేను ఫోన్ చెయ్యలేదు. మొదట్లో హాస్టల్ కాబట్టి కుదరలేదు. తర్వాత కుదిరినా చెయ్యలేదు. పరీక్షలు, ఎంట్రన్సులు, కౌన్సెలింగ్, ఈ కాలేజీ, సీఎస్ఈ. సంవత్సరం దాటిపోయింది.

ఇక్కడికొచ్చాక చేతికి ఫోన్, హాస్టల్ వైఫై వచ్చాయి. అందరూ సినిమాలు డౌన్‌లోడ్ చేస్తుంటే నేను మొదట వెతికింది "కెమికల్ వెడ్డింగ్ అర్థం". అక్కడ మొదలెట్టి ఈ ఐదు ఫోల్డర్ల వెనకున్న కథంతా చదివాను. చదువుతున్నకొద్దీ, ఇది నాకు తెలిసిన కథే అనిపించడం మొదలైంది.

అసలు మొదటి సోలో ఆల్బమ్ మా ప్లేయర్‌లో లేనే లేదు. 1990లో వచ్చిన 'టాటూడ్ మిలియనీర్'. ఒక హారర్ సినిమా కోసం బ్రూస్ పాట చేసిచ్చాడు, అది బాగుందని ఆల్బమ్ చెయ్యమన్నారు. సరదాగా, మామూలు రాక్‌లా ఉంటుంది. అందులో గిటార్ జానిక్ గెర్స్. అదే ఏడాది మెయిడెన్ నుంచి ఏడ్రియన్ స్మిత్ వెళ్లిపోతే, ఈ జానిక్కే ఆ ప్లేసులోకి వచ్చాడు. ఆ సినిమా పాటని మెయిడెన్ మళ్లీ రికార్డ్ చేస్తే 1991 జనవరిలో బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. మెయిడెన్‌కి ఉన్న ఒకే ఒక్క నంబర్ వన్ సింగిల్ అది.

అంతా బాగున్నప్పుడు, 1993లో, బ్రూస్ బ్యాండ్ వదిలేస్తున్నానన్నాడు. ముందే చెప్పేసి, ఒప్పుకున్న టూర్ పూర్తి చేసి మరీ వెళ్లాడు. ఆ చివరి టూర్‌లో ఆయన మనసు పెట్టి పాడలేదని బ్యాండ్ పెట్టిన స్టీవ్ హారిస్ తర్వాత ఇంటర్వ్యూల్లోనే అన్నాడు. ఫ్యాన్స్‌కి అయితే ఇల్లు కూలినట్టే. టాప్ బ్యాండ్‌లో ఉండి, స్టేడియాలు నిండుతుండగా, ఎందుకు వెళ్లడం? నా మాటే. అచ్చం నా మాటే. నేను పుట్టకముందే ఎవరో అనేశారు.

ఆయన చెప్పిన కారణం పెద్దదేం కాదు. ఆ గోడల మధ్యే ఉంటే తను ఇంకేం చెయ్యగలడో తనకే ఎప్పటికీ తెలియదు, అంతే. 94 ఫోల్డర్, అంటే 'బాల్స్ టు పికాసో', ఆ వెతుకులాటే. రెండుసార్లు వేరేవాళ్లతో రికార్డ్ చేసి, నచ్చక, రెండూ పక్కన పడేశాడు. మూడోసారి లాస్ ఏంజిలస్‌లో రాయ్ జీ అనే గిటారిస్ట్, అతని బ్యాండ్ ట్రైబ్ ఆఫ్ జిప్సీస్ దొరికారు. అప్పుడు కుదిరింది. 'టియర్స్ ఆఫ్ ద డ్రాగన్' ఆ ఆల్బమ్‌లో చివరి పాట అని చెప్పా కదా. మెయిడెన్ వదిలి వచ్చినవాడు పాడిన పాట అని తెలియకుండా రెండేళ్లు విన్నాను. మళ్లీ వింటే భయం అక్కడే ఉంది. కానీ అది పారిపోయేవాడి భయంలా లేదు. దూకేవాడి భయంలా ఉంది. ఆ తేడా ఆ రాత్రి వాడికి తెలిసింది కాబట్టే "ఇంకోసారి పెట్టు" అన్నాడేమో.

ఆ ఏడాది డిసెంబర్‌లో ఆయన చేసిన పని ఇంకొకటి చెప్పాలి. బోస్నియాలో యుద్ధం. సరయెవో నగరాన్ని 1992 నుంచి చుట్టుముట్టి కొండల మీంచి కాలుస్తున్నారు. నీళ్లు లేవు, కరెంటు లేదు. బ్రూస్ తన చిన్న బ్యాండ్‌తో రాత్రిపూట లారీలో ఇగ్మాన్ కొండ మీదుగా నగరంలోకి వెళ్లి, ఒక హాల్లో కచేరీ చేసి వచ్చాడు. దాని మీద తర్వాత డాక్యుమెంటరీ కూడా వచ్చింది. అప్పటి కుర్రాళ్లు, ఇప్పుడు నడివయసువాళ్లు, ఆ ఒక్క రాత్రి గురించి మాట్లాడుతూ ఏడుస్తారు. స్టేడియంలో లక్షమందికి పాడటం, చావు మధ్య కొన్ని వందలమందికి పాడటం, రెండిట్లో ఏది పెద్ద షో అని ఏ నోటీస్ బోర్డు చెప్పగలదు?

96 ఫోల్డర్ మా ఇద్దరికీ అప్పట్లో నచ్చేది కాదు. 'స్కంక్‌వర్క్స్'. ఇప్పుడు నాకు దాని మీద జాలితో కూడిన ప్రేమ ఉంది. స్కంక్‌వర్క్స్ అంటే అమెరికాలో లాక్‌హీడ్ కంపెనీ రహస్యంగా విమానాలు తయారుచేసే విభాగం పేరు. యూ-2, ఎస్ఆర్-71 లాంటివి అక్కడే పుట్టాయి. బ్రూస్ పొడుగు జుట్టు కత్తిరించేశాడు. నిర్వాణా మొదటి ఆల్బమ్ రికార్డ్ చేసిన జాక్ ఎండినోని ప్రొడ్యూసర్‌గా తెచ్చుకున్నాడు. సరయెవోకి తనతో వచ్చిన కుర్రాళ్లనే బ్యాండ్‌గా పెట్టుకున్నాడు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆల్బమ్ మీద తన పేరు వద్దన్నాడు. బ్యాండ్ పేరు స్కంక్‌వర్క్స్, అంతే. రికార్డ్ కంపెనీ ఒప్పుకోలేదు. బ్రూస్ డికిన్సన్ అని ఉంటేనే అమ్ముడవుతుందన్నారు. పేరు పెట్టారు. అయినా పెద్దగా అమ్ముడవలేదు, ఆ ఏడాది గడిచేసరికి బ్యాండ్ కూడా విడిపోయింది.

ఇది చదివిన రోజు నాకు మెస్‌లో సాంబారు పోసే అన్న గుర్తొచ్చాడు. "ర్యాంకరుకి ఇంకో గరిటె" అనేవాడు. వాడు "నాకో పేరుంది రా బాబూ" అనేవాడు. వాడు జోక్ చెయ్యట్లేదు. మనమందరం వాడి మీద ఒక పేరు అచ్చేసి, అది తీసేస్తే నువ్వు అమ్ముడవ్వవు అని చెప్తున్నాం, రోజూ, మూడు పూటలా, భోజనంతో కలిపి.

ఆ తర్వాత ఏం జరిగిందో చదివాక నేను ఫోన్ పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నా. స్కంక్‌వర్క్స్ కూడా పోయాక బ్రూస్‌కి ఏం చెయ్యాలో తోచని టైంలో రాయ్ జీ ఫోన్ చేశాడు. నా దగ్గర కొన్ని మెటల్ ట్యూన్లు ఉన్నాయి విను అని ఫోన్లోనే వినిపించాడు. అంతే. అక్కణ్ణుంచి పుట్టిందే 97 ఫోల్డర్, 'యాక్సిడెంట్ ఆఫ్ బర్త్'. అందులో గిటార్ వాయించడానికి ఇంకొకాయన కూడా వచ్చాడు, ఏడ్రియన్ స్మిత్, 1990లో మెయిడెన్ వదిలి వెళ్లినాయనే. కవర్ బొమ్మ వేసింది డెరెక్ రిగ్స్, మెయిడెన్ టీషర్ట్‌ల మీద బొమ్మని పుట్టించినాయన. మెటల్‌కి తిరిగొచ్చాడు కానీ ఓడిపోయి వచ్చినట్టు ఉండదు ఆ ఆల్బమ్. మూడేళ్లు తిరిగి, తనకి ఏది వద్దో తెలుసుకుని, ఏది కావాలో గట్టిగా పట్టుకున్నవాడి ధైర్యం ఉంటుంది. 'డార్క్‌సైడ్ ఆఫ్ అక్వేరియస్' వినండి, తెలుస్తుంది.

మరుసటి ఏడాదే మా కోవలెంట్ బాండ్, 'ద కెమికల్ వెడ్డింగ్'. నన్నడిగితే ఆయన గొంతులోంచి వచ్చిన అన్ని ఆల్బమ్స్‌లోకీ ఇదే గొప్పది, మెయిడెన్‌తో కలిపి చెప్తున్నా, కొట్లాటకి రెడీ. దీని వెనకున్నది విలియం బ్లేక్. 1757లో పుట్టిన లండన్ కవి, చిత్రకారుడు, రాగి రేకుల మీద బొమ్మలు చెక్కి బతికినవాడు. తన పుస్తకాలు తనే అచ్చేసి, తనే రంగులద్దుకున్నాడు. బతికుండగా పట్టించుకున్నవాళ్లు చాలా తక్కువ. పాటల పేర్లలోనే ఆయన పుస్తకాలు కనిపిస్తాయి. కవర్ మీద భయంకరమైన ఆకారం ఆయన వేసిన 'ద ఘోస్ట్ ఆఫ్ ఎ ఫ్లీ', అంటే ఓ పురుగు దెయ్యం. అసలు పెయింటింగ్ మన నోట్‌బుక్ పేజీ కంటే చిన్నదే. మమ్మల్ని భయపెట్టిన ఆ ముసలి గొంతు ఆర్థర్ బ్రౌన్ అనే పాత రాక్ సింగర్‌ది. ఇక కెమికల్ వెడ్డింగ్ అంటే రసవాదంలో ఒక మెట్టు. సూర్యుడు, చంద్రుడు లాంటి రెండు వ్యతిరేకాలు కరిగి ఒకటవ్వడం. అంటే ఇద్దరం తప్పే. కానీ వాడి అయానిక్ బాండ్ నా కోవలెంట్ కంటే కొంచెం దగ్గర. అది వాడికి చెప్పాలనిపించింది. చెప్పడానికి నాకు మొహం లేదు.

1999లో బ్రూస్ మెయిడెన్‌కి తిరిగి వెళ్లాడు. ఒక్కడే వెళ్లలేదు, ఏడ్రియన్ కూడా వెళ్లాడు. జానిక్‌ని తీసెయ్యలేదు. అప్పటి నుంచి ఆ బ్యాండ్‌కి మూడు గిటార్లు. గమనించారా? మెయిడెన్‌లోకి జానిక్ వచ్చింది ఒక సోలో ఆల్బమ్ మీదుగానే, ఏడ్రియన్ తిరిగొచ్చిందీ సోలో ఆల్బమ్స్ మీదుగానే. సోలో అంటే ఒంటరి అనుకుంటాం. ఈ ఏడు ఆల్బమ్స్‌లో ఒంటరిగా చేసింది ఒక్కటీ లేదు. ప్రతిదాని వెనకా వదిలి వచ్చినవాడిని "రా, కూర్చో, వాయిద్దాం" అన్నవాడు ఎవరో ఒకడున్నాడు.

05 ఫోల్డర్, 'టిరనీ ఆఫ్ సోల్స్', రాయ్ జీ ట్యూన్లు పంపితే బ్రూస్ టూర్లలో తిరుగుతూ మాటలు రాసుకుని చేసింది. అందులో రైట్ బ్రదర్స్ మీద ఒక పాట ఉంది, 'కిల్ డెవిల్ హిల్'. 1903లో వాళ్లు మొదటిసారి ఎగిరింది 12 సెకన్లు. ఆ పన్నెండు సెకన్ల గురించి పైలట్ ఒకడు పాడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

తర్వాత చాలాకాలం ఏమీ లేదు. మధ్యలో ఆయనకి నాలుక మొదట్లో క్యాన్సర్ వచ్చింది. 2015లో చికిత్స జరిగింది, తగ్గింది. సింగర్‌కి అక్కడ రావడం అంటే ఇక ఆలోచించుకోండి. తగ్గాక మళ్లీ స్టేజీ ఎక్కాడు. 2024 మార్చి 1న ఏడో ఆల్బమ్ వచ్చింది, 'ద మాండ్రేక్ ప్రాజెక్ట్'. అప్పుడు ఆయనకి 65 ఏళ్లు. మళ్లీ రాయ్ జీనే. 2005కీ 2024కీ మధ్య 19 ఏళ్లు, అంటే నా వయసంత గ్యాప్. ఆ నెల్లో నేను ఇంటర్ పరీక్షలు రాస్తున్నాను, అది వచ్చిందని కూడా తెలియదు. పైమంచం ఖాళీగా ఉంది.

దాంట్లో చివరి పాట 'సొనాటా'. దాదాపు పది నిమిషాలు. హడావుడి ఉండదు. ముసలి గొంతు, కొంచెం గరుకు, పాత ఎత్తులన్నీ అందుకోవాలన్న తాపత్రయం లేదు. అది నేను మొదటిసారి విన్నది గత నెల్లో ఒక రాత్రి, ల్యాబ్ రికార్డు రాస్తూ. రెండు చెవుల్తో. పాట అయ్యాక పెన్ను పక్కన పెట్టి వాడి నంబర్ వెతికాను. వాళ్లమ్మగారిదే ఉంది నా దగ్గర. ఆవిడకి ఫోన్ చేస్తే "ఎవరు నాన్నా?" అన్నారు. పేరు చెప్పాను. కాస్త ఆగి "కింది మంచం అబ్బాయివా?" అన్నారు. నాకు గొంతు రాలేదు.

వాడికి ముందు మెసేజ్ పెట్టాను. ఎప్పట్లాగే ఇంగ్లిష్ అక్షరాల్లో: "రేయ్, కెమికల్ వెడ్డింగ్ అయానికే. నువ్వే కరెక్ట్. సారీ రా. అన్నిటికీ." కింద 'సొనాటా' లింక్.

ఆ రాత్రి జవాబు రాలేదు. మర్నాడు కూడా రాలేదు. మూడో రోజు వచ్చింది, తెలుగు అక్షరాల్లో, కామాలు, ఫుల్‌స్టాప్‌లతో సహా: "ప్లేయర్ ఇంకా పనిచేస్తోందా? ఛార్జర్ పిన్ వదులు, కొంచెం పైకెత్తి పెట్టాలి."

తర్వాత ఫోన్లో మాట్లాడాం. సినిమాల్లోలా ఏమీ జరగలేదు. వాడు వాళ్ల ఊరి దగ్గర డిగ్రీ చదువుతున్నాడు. హిస్టరీ బాగానే ఉందట కానీ ఎకనామిక్స్ ఒక పేపర్ తన్నేసిందట. వాళ్ల నాన్న ఇప్పటికీ చుట్టాల ముందు వాడి చదువు మాట వస్తే టాపిక్ మార్చేస్తారట. నిద్ర మాత్రం పడుతోందట. "మళ్లీ మెటల్ వింటున్నావా?" అని ఆశగా అడిగా. "లేదు రా, ఈమధ్య అంతా ఇళయరాజానే" అన్నాడు. నేను రెండేళ్లు కాపాడిన బీడీ సామ్రాజ్యం ఒక్క ముక్కలో పోయింది.

"నేను ఆ రోజు అన్నదానికి..." అని మొదలెట్టా. వాడు ఆపేశాడు. "అన్నావు. బాధేసింది. ఇప్పుడు చేశావు కదా" అన్నాడు. అంతకుమించి పొడిగించలేదు. మాఫ్ చేశానని అనలేదు, నేనూ అడగలేదు. అలాంటివి ఒక్క ఫోన్‌తో అయిపోవని నాకూ తెలుసు. ఫోన్ పెట్టేముందు మాత్రం "ఆ పది నిమిషాల పాట విన్నా. ముసలోడు బాగా పాడాడు" అన్నాడు.

మనందరికీ తెలిసినవాళ్లలో ఒకడు ఉంటాడు. మధ్యలో వెళ్లిపోయినవాడు, బ్రాంచ్ మార్చుకున్నవాడు, బ్యాక్‌లాగ్స్‌తో ఇంటికెళ్లి తిరిగి రానివాడు. వాడు సరిగ్గా చేశాడా తప్పు చేశాడా అన్న లెక్క నాకు తెలియదు. బ్రూస్‌కి అన్నీ కలిసొచ్చాయి కాబట్టి అందరికీ వస్తాయని కూడా చెప్పను. కానీ స్కంక్‌వర్క్స్‌కీ యాక్సిడెంట్ ఆఫ్ బర్త్‌కీ మధ్య ఉన్నది ఒక్క ఫోన్ కాల్. అది మాత్రం ఎవరైనా చెయ్యొచ్చు.

దీపావళి సెలవుల్లో వాళ్ల ఊరు వెళ్తున్నా. ప్లేయర్ తీసుకెళ్తున్నా. బ్యాటరీ ఇప్పుడు అరగంట కూడా నిలవట్లేదు, అయినా ఆరు నిమిషాల పాటకి సరిపోతుంది. ఇయర్‌ఫోన్స్ పాతవే, వైరు పొట్టి. ఈసారి కుడి చెవి నాకిమ్మని అడగాలి.